వేషాల గవ్వలు

మెంతుల డబ్బా అడుగున గవ్వలు దొరికాయి. అమ్మ పోయిన తర్వాత ఆమె వంటింటి అలమరను చాలాకాలం ఎవరమూ కదపలేదు. మొన్న మా చెల్లెలు విమల వచ్చి, పురుగు పడుతుందంటూ ఒక్కో డబ్బా దించి పాత చీర మీద బోర్లిస్తూ పోయింది. మెంతుల వెంట ఏడు గవ్వలు గలగలమని జారాయి. అరిగి నున్నబడి, పసుపు రంగు తిరిగిన గవ్వలు. విమల ఒకటి తీసి వాసన చూసి, "అన్నా, ఇవి మన వేషాల గవ్వలు" అంది. నేను ఆ మెంతుల పక్కనే కూర్చుండిపోయాను. ఆ ఆటను గురించి ఇన్నేళ్ళలో నేను ఒక్క ముక్కా రాయలేదు. ఆ ఆట ఆడిన స్నేహితుణ్ణి గురించి మాత్రం ఎన్నో సభల్లో చెప్పాను. చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టించుకున్నాను.

మాది తిరుపతి పాత వీధుల్లో ఒక మిద్దె ఇల్లు. నాయన హైస్కూలు అయ్యవారు. దేవుడు లేడని తాను నమ్మి ఊరుకునే రకం కాదు, ఎదుటి మనిషి చేత ఒప్పిస్తే తప్ప ఆయనకు అన్నం సయించేది కాదు. కొండ కింద ఊళ్ళో అలా బతకడం ఎంత కష్టమో, ఆయనకు అంత ఉత్సాహం. ఆదివారం పొద్దున ముందుగదిలో చాపలు పరిచేవాళ్ళం. గుమాస్తాలు, అయ్యవార్లు, ఒక హోమియో డాక్టరు, కాలేజీ పిల్లలు వచ్చి కూర్చునేవారు. ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు, కానీ చెప్పినవాడు నాయన వేసే మూడు ప్రశ్నలకు నిలబడాలి: నీకెలా తెలుసు? ఎవరు చూశారు? వేరే కారణం ఉండకూడదా? ఆ ప్రశ్నలతో నేను పెరిగాను. ఇవాళ నేను రాసే ప్రతి వ్యాసానికీ అవే ఇరుసు. అందుకు నాయనకు రుణపడి ఉన్నాను. ఈ కథ రాశాక కూడా ఆ మాట వెనక్కు తీసుకోను.

నాయన నాకు చార్వాక అని పేరు పెట్టాడు. అమ్మకు ఆ పేరు నోరు తిరగలేదో, తిప్పుకోవడం ఇష్టం లేకపోయిందో, కడదాకా నన్ను "అబ్బోడా" అనే పిలిచింది. చర్చ జరుగుతున్నంతసేపూ ఆమె వంటింట్లో ఉండేది. పొయ్యి మీద సంగటి కుతకుతలాడే చప్పుడు, సంగటికట్టెతో గెలికే చప్పుడు, వేరుశనగలు వేయించే కమ్మటి వాసన, రోట్లో ఊరిబిండి నూరేటప్పుడు మిరపకాయల ఘాటు. మా తర్కమంతా ఈ వాసనల్లో సాగింది. లోపలినుంచి కాఫీ గ్లాసుల పళ్ళెం వచ్చేది. దాన్ని పట్టుకొచ్చిన చేతులవైపు ఎవరమూ చూసేవాళ్ళం కాదు. సాయంత్రం రాజమ్మ గేటు దగ్గరకు మల్లెలూ కనకాంబరాలూ తెచ్చేది. అమ్మా ఆమే గేటుకు చెరోవైపు నిలబడి మూర పువ్వులకు అరగంట మాట్లాడుకునేవారు. ఆ పువ్వులు పటాలకు పెట్టనంతవరకు నాయనకు అభ్యంతరం లేదు. మా ఇంట్లో పటాలే లేవు.

రాజమ్మ కొడుకు మునిరత్నం నా క్లాసువాడు. ముని అనేవాళ్ళం. నల్లగా, పొట్టిగా, మాట్లాడేముందు ఒక నవ్వు నవ్వే మనిషి. చర్చకు వచ్చేవాడు గానీ నోరు తెరిచేవాడు కాదు. వాడి నోరు తెరిపించింది ఈ ఆటే.

మద్రాసులో చదివే మా పిన్ని కొడుకు ఒక వేసవి సెలవుల్లో ఒక ఆట నియమాలున్న ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. పేవ్‌మెంటు మీద కొన్నాడట. అట్ట లేదు, చివరి పేజీలు చినిగిపోయాయి. కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కల్పించుకోవాలి. ఆ మనిషికి బలమెంత, తెలివెంత, ఎక్కడ పుట్టాడు, ఏం కావాలనుకుంటాడు, అన్నీ కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఆ మనిషి మాట్లాడినట్టు మాట్లాడుతూ, ఆటను నడిపేవాడు చెప్పే అడవుల్లో, కోటల్లో తిరగాలి. చివరి పేజీలు లేవు కాబట్టి ఆట ఎలా ముగుస్తుందో మాకు తెలియలేదు. అలాంటి ఆటలకు ముగింపు ఉండదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి నేను, అందుకని నడిపేవాణ్ణీ నేనే అయ్యాను. పుస్తకంలోని గుణాలకు తెలుగు పేర్లు పెట్టాను: బలం, ఒడుపు, ఓర్పు, తెలివి, వివేకం, మాట. మిద్దె మీది గదిలో నేను, ముని, విమల, సైకిల్ షాపు కరీం చేరేవాళ్ళం. మొదటి సాయంత్రమే చిక్కు వచ్చింది. పుస్తకం ఎన్నో ముఖాలున్న పాచికలు అడుగుతోంది. తిరుపతి బజారంతా తిరిగినా అలాంటివి లేవు.

"గవ్వలేస్తే పోదా?" అన్నాడు ముని.

విమల కిందికి పరుగెత్తి అమ్మను అడిగింది. అమ్మ తన పుట్టింటి గవ్వలు మూటలోంచి తీసి ఇస్తూ, "మీ నాయనకు కనపడనీయొద్దండి, సోదె చెప్పేవాళ్ళ సరుకు అంటాడు. ఆడినాక నా చేతికే ఈయండి" అంది. అలా అవి మిద్దె మీద ఆడి, కింద మెంతుల్లో నిద్రపోయేవి. ఏడు గవ్వలు విసిరి, నోరు పైకి పడ్డవాటిని లెక్కపెట్టడం మా పద్ధతి. ఇలా వేస్తే మూడో నాలుగో ఎక్కువసార్లు పడతాయనీ, ఏడు పడటం అరుదనీ, కాబట్టి మన మనుషులంతా మామూలు మనుషులే అవుతారనీ నేను పలక మీద బొమ్మ వేసి వివరించాను. ఎవరూ వినలేదు. కరీం గొప్ప పహిల్వాన్ను చేద్దామని విసిరితే బలానికి ఒకే గవ్వ నోరు తెరిచింది.

"ఇదేంది సామీ, పహిల్వానుకు బలం ఒకటా?"

"ఒళ్ళు పెంచినాడు, బలం పెంచలే" అంది విమల.

"ఊదితే పడిపోయే పహిల్వాను. బాగుండాడబ్బా!" అని ముని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ఊదితే పడిపోయే పహిల్వానే చివరికి మా అందరికీ ఇష్టమైన మనిషి అయ్యాడు.

ఆట పేరు ఏమిటన్న ప్రశ్న వస్తే, "వేషం కట్టడమే గదా ఇది" అన్నాడు ముని. తిరుపతి వాళ్ళకు ఆ మాట చెప్పనక్కర్లేదు. గంగమ్మ జాతర వారంలో మొక్కుకున్న మగవాళ్ళు రోజుకో వేషం కడతారు. ఒకనాడు ఒళ్ళంతా తెల్లసుద్ద, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గు. వేపమండలు పట్టుకుని బూతులు తిడుతూ వీధుల్లో పరుగెత్తుతారు. ఆ వారం ఎవరు ఎవర్ని తిట్టినా తప్పు లేదు. నేను వెంటనే అడ్డుపడ్డాను. అది మూఢనమ్మకం, ఇది ఆలోచించి చేసే పని అన్నాను. ముని తన నవ్వు నవ్వి, "సుద్ద పూసుకుంటే ఎవడైనా తెల్లగయితాడు చారూ. లోపల ఇంగోడు వచ్చి కూర్చుంటేనే వేషం. నీ పుస్తకంలో ఉండేదీ అదే గదా?" అన్నాడు. ఆట పేరు వేషాలు అయింది.

ముని చేసిన మనిషి పేరు కన్నయ్య. పులికాట్ సరస్సులో పడవ నడిపేవాడు. అందరం బలాలూ తెలివీ చూసుకుంటుంటే ముని మాత్రం కాగితం తిప్పి తిప్పి చూసి, "దీంట్లో అమ్మ యాడ రాయాల?" అని అడిగాడు.

"ఆ గడి లేదు."

"అమ్మ లేకుండా ఎట్లా పుట్టినాడబ్బా?"

"పుట్టాడు, పోయింది. సాహసం చేసేవాళ్ళకు అమ్మలు ఉండరు. కాళ్ళకు అడ్డం."

వాడు నాతో వాదించలేదు. పెన్సిలుతో కాగితం అంచున తానే ఒక గడి గీసి రాసుకున్నాడు. కన్నయ్య అమ్మ ఒడ్డున రొయ్యలు ఎండబెడుతుంది, కాకుల్ని తోలుతుంది, పొద్దు గుంకితే దీపం పట్టుకుని నిలబడుతుంది. అది చదివి వినిపిస్తుంటే వాడి గొంతులో ఎప్పుడూ వినని ధైర్యం ఉంది. క్లాసులో పేరు పిలిస్తే చెయ్యెత్తడానికి జంకే మనిషి, కన్నయ్యగా దొంగలతో బేరమాడాడు, సత్యవేడు అడవుల్లో దారి తప్పిన పహిల్వాన్ను భుజాన మోసుకొచ్చాడు, ఒక జమీందారును నిలబెట్టి కడిగేశాడు. కానీ పొద్దు గుంకే వేళకు మాత్రం, "మా యమ్మ దీపం పెట్టుకోనుంటాది, నేను పోవాల" అని పడవ తిప్పేసేవాడు. రోజూ ఇదే. కథ సరస్సు దాటి ముందుకు పోవడం లేదు. కరీం విసుక్కున్నాడు. నాకు విసుగుకన్న పట్టుదల ఎక్కువైంది. ఒక సాయంత్రం సరస్సు మీద తుఫాను రేపాను. ఒడ్డున గుడిసెలు కొట్టుకుపోతున్నాయి అన్నాను. కన్నయ్య అమ్మ పేరు మీద గవ్వలు వెయ్యి, మూడుకు తక్కువ పడితే లేదు, అన్నాను.

ముని గవ్వల్ని రెండు చేతుల మధ్య చాలాసేపు ఊపాడు. రెండు పడ్డాయి.

"నేను మళ్ళా వేస్తా" అన్నాడు.

"కుదరదు. నియమం నియమమే."

విమల నా మోచెయ్యి గిల్లింది. ముని గవ్వలు ఏరి నాకిచ్చి, "సరే. పోయింది" అన్నాడు. మర్నాటి నుంచి కన్నయ్య పొద్దు గుంకినా వెనక్కు తిరగలేదు. ఎంత గొప్పగా ఆడాడంటే మాకు తిండి ధ్యాస ఉండేది కాదు. నా సిద్ధాంతం రుజువైందని నేను సంబరపడ్డాను. అమ్మ చెంగు వదిలాకే కదా మనిషి మనిషయ్యాడు!

ఆ సిద్ధాంతం మిద్దె దిగి వీధిలోకి వచ్చింది. మునికి చిన్నప్పుడు ఒంటి నిండా అమ్మవారు పోసి బతకడన్నారట. బతికితే నా కొడుకు ఏటేటా సుద్ద వేషం కడతాడని రాజమ్మ మొక్కుకుంది. వేషం కట్టే రోజు వాళ్ళ ఇంటికి పోతే తడిసిన సుద్ద వాసన, వేపాకు వాసన, పక్కనే గంపెడు మల్లెల వాసన. రాజమ్మ తన చేత్తోనే కొడుక్కు నుదుటి నుంచి పాదాల దాకా సుద్ద పూసేది. పూస్తున్నంతసేపూ వాణ్ణి ముద్దుగా తిట్టేది. ఆ ఏడు జాతరకు ముందు నేను మునిని పట్టుకున్నాను. నీకు జ్వరం తగ్గింది మందుతోనా, మొక్కుతోనా? నీకెలా తెలుసు? ఎవరు చూశారు? వారం రోజులు వదల్లేదు. "కన్నయ్య అయితే ఏం చేస్తాడు?" అన్నది నా చివరి దెబ్బ. ఆ మాటకు వాడు లొంగాడు. జాతర రోజున రాజమ్మ గిన్నెలో సుద్ద నానబెట్టుకుని కూర్చుంటే, వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చేశాడు. సాయంత్రానికి గిన్నెలో సుద్ద ఎండి బీటలు వారిందని వాడే చెప్పాడు. ఆ ఆదివారం నాయన మునిని నిలబెట్టి అందరికీ చూపించాడు. చప్పట్లు కొట్టారు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. అది వినయం అనుకున్నాం.

వానాకాలంలో రాజమ్మ చనిపోయింది. కాళ్ళు వాచి చాలా నెలలైందట. మూత్రపిండాలు ఎప్పుడో చెడిపోయాయని పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పాడు. నా పాఠకుల్లో కొందరు ఇక్కడ లేచి కూర్చుని ఉంటారు, చివరికి ఈ హేతువాది కూడా గంగమ్మకు దణ్ణం పెట్టాడని వినాలనుకుని. పెట్టలేదు, పెట్టను. సుద్ద పూసుకోకపోతే మూత్రపిండాలు చెడవు. కాగితం మీద ఒక అమ్మను ముంచితే వీధిలో ఇంకో అమ్మ పోదు. అప్పుడు నేను చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ నిజమే నాకు ఇవాళ ముద్ద దిగనివ్వడం లేదు.

మట్టి చేసిన మర్నాడు పొద్దున ముని మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాకుండా మెట్ల మీద కూర్చున్నాడు. నాయన పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"చారూ, సంబంధం లేదు గదా?" అన్నాడు.

"దేనికి?"

"నేను వేషం కట్టకపోయిన దానికీ, అమ్మ పోయిన దానికీ."

నేను మొదలుపెట్టాను. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే మొదటిది రెండోదానికి కారణం కాదన్నాను. వేషం కట్టిన వాళ్ళ అమ్మలు పోలేదా అన్నాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. నాయన పేపరు దించి తలాడిస్తూ విన్నాడు. అంత బాగా నేను మళ్ళీ ఏ సభలోనూ మాట్లాడలేదు.

"అదే నేనూ అనుకుంటి" అన్నాడు ముని. "కానీ మా మేనమామ వాళ్ళు ఒప్పుకోవడంలా. నువ్వే సంపినావు, కర్మ నీ చేత చేయించం అంటుండారు. పిండం నా చేత పెట్టనీరంట. నువ్వొక్కసారి వచ్చి వాళ్ళకు చెప్తావా అబ్బా? నువ్వు చెప్తే మాట ఉంటాది."

"నమ్మేవాళ్ళతో వాదించి లాభం లేదు ముని. అయినా పిండం పెట్టకపోతే ఏమైంది? అర్థం లేని తంతు అది. దానికోసం వాళ్ళ కాళ్ళు పట్టుకుంటావా?"

వాడు "ఏమీ కాదులే" అని లేచి పోయాడు. వాళ్ళ ఇల్లు మా వీధి మలుపు తిరిగితే వస్తుంది. నేను చెప్పుల్లో కాలు కూడా పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే వంటింట్లో ఎవరూ లేరు. సంగటి ముద్దలు చల్లబడి ఉన్నాయి. "మీయమ్మ యాడికి పోయినాదిరా?" అన్నాడు నాయన, జవాబు కోసం ఆగకుండా ఊరిబిండి వేసుకుంటూ. సాయంత్రం ఆమె వచ్చి కొళాయి దగ్గర తల మీద నీళ్ళు పోసుకుని, "పనుంటే పోయినా" అంది. తర్వాత కొన్నాళ్ళు అలాగే పొద్దున వంట చేసి ఎక్కడికో పోయేది. ఆ తర్వాతెప్పుడో మంగళవారాలు అన్నం మానేసింది. కడుపులో బాగుండదు అంది. వారానికొకరోజు లంఖణం ఆరోగ్యానికి మంచిదేనని నాయన మెచ్చుకున్నాడు. ప్రపంచాన్నంతా మూడు ప్రశ్నలు అడిగిన ఇంట్లో ఆమెను ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

ముని చదువు మానేసి ఏర్పేడులో ఉన్న వాళ్ళ చిన్నాయన దగ్గరికి వెళ్ళిపోయాడు. వేషాలు ఆగిపోయాయి. నేను వక్తనయ్యాను. తల్లి మొక్కును కాదన్న నా మిత్రుడు ఒకడు, అంటూ మొదలుపెట్టేవాణ్ణి. తర్వాత అతను ఏమయ్యాడని సభలో ఎవరైనా అడిగితే, బాగా వ్యాపారం చేసుకుంటున్నాడు అనేవాణ్ణి. మా అమ్మ పోయిందని తెలిసి ముని వచ్చాడట. అప్పుడు నేను ఏదో సభలో దూరాన ఉన్నాను. నేను వచ్చేసరికి వెళ్ళిపోయాడు.

గవ్వలు జేబులో వేసుకుని ఏర్పేడు బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో నాకే తేలలేదు. క్షమించమని అడగాలంటే ఏ తప్పుకని అడగాలి? ముని రోడ్డు పక్కన పెట్టుకున్న టిఫిన్ అంగడి పెద్దదే. దగ్గర్లో కొత్తగా వచ్చిన చదువుల క్యాంపస్ పిల్లలు సాయంత్రమైతే అక్కడే ఉంటారట. వాడి జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం మాటకు ముందే వస్తోంది.

"రాప్పా చారూ! ఎట్లుండావు? ఇన్నేళ్ళకు దారి తెలిసిందా?"

వెనక వరండాలో ఒక బల్ల చుట్టూ నలుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. బల్ల మీద కాగితాలు, రంగురంగుల పాచికలు. ఎన్ని ముఖాలో ఒక్కోదానికి! ఒకప్పుడు బజారంతా వెతికిన పాచికలు పిడికెడు పోసి ఉన్నాయి. ఒక అమ్మాయి తన కాగితం పైన అన్నిటికన్న ముందు ఏదో రాస్తోంది. "ఇది అంకుల్ రూల్ సార్" అంది నన్ను చూసి. "ఏ బుక్కులోనూ లేదు. ముందు అమ్మ గురించి రాయాలి. అది రాస్తేగానీ పాచిక ముట్టుకోనీడు. దోసె కూడా పెట్టడు."

"నాకు ఈ ఆట నేర్పించింది ఈ సారే" అన్నాడు ముని వాళ్ళతో. పిల్లలు లేచి నిలబడబోయారు. నేను తల దించుకున్నాను.

గవ్వలు తీసి బల్ల మీద పెట్టాను. వాడు ఒకటి తీసి, విమల లాగే, ముందు వాసన చూశాడు. "మెంతులు" అన్నాడు. దాన్ని మిగతావాటి పక్కన పెట్టాడు. తర్వాత, "నువ్వొక్క నాడూ వేషం కట్టలే గదప్పా. మా అందరి చేతా కట్టించినావు, నువ్వు పైన కూర్చున్నావు. ఈ పొద్దు కట్టు" అని ఒక కాగితం లాగి పెన్సిలు చెక్కాడు.

గవ్వలు విసిరాను. బలం మూడు, ఒడుపు రెండు, ఓర్పు నాలుగు. మాట దగ్గరికి వచ్చేసరికి ఒకటి పడింది. ముని పడీపడీ నవ్వాడు. "ఊర్లన్నీ తిరిగి ఉపన్యాసాలు ఇచ్చేటాయన, మాట ఒకటి! గవ్వలకు మనిషి తెలవదు సామీ." తర్వాత పెన్సిలు కాగితం పైకి తీసుకుపోయి, "అమ్మ ఉండాదా?" అన్నాడు.

"లేదు. నీకు తెలుసు కదా."

"నీకు గాదు, వేషానికి."

"ఉంది."

"ఏం చేస్తాది?"

నేను ఆలోచించాను. నాయన మాటలు అడిగితే పుటలు పుటలు అప్పజెప్పగలను. "వంటింట్లో ఉంటుంది. చర్చకు వచ్చినవాళ్ళకు కాఫీ ఇస్తుంది" అన్నాను.

ముని పెన్సిలు కదల్లేదు. "అంతేనా? నీకు చెప్పనే లేదా పెద్దమ్మ?" అన్నాడు. మా అమ్మను వాడు అలాగే పిలిచేవాడు.

"ఏం చెప్పాలి?"

"నేను మీ మెట్లు దిగి పోయినానే, ఆ పొద్దు. నా వెనకాలే వచ్చింది. మా ఇంట్లో మా మేనమామ వాళ్ళంతా కూర్చోనుండారు. పెద్దమ్మ నేరుగా పోయి మా యమ్మ చాప మీద కూర్చునింది. 'ఆ మొక్కు రాజమ్మ ముందేడే తీర్చేసింది. ఇంగ నా బిడ్డ కట్టే పన్లేదని అమ్మవారి కాడ చెప్పుకోనొచ్చింది. నాతో గేటు కాడ నిలబడి చెప్పింది' అనింది."

"రాజమ్మ అలా చెప్పిందా?"

"యాడ చెప్పింది! జాతర నాడు సుద్ద నానబెట్టుకోనుండెనే. పెద్దమ్మ అబద్ధం ఆడింది. మా మేనమామ నమ్మలే. గంగమ్మ మీద ఒట్టేస్తావా అన్నాడు. ఇంగొకాయన, దేవుడు లేడనే వాని పెండ్లాం, దాని ఒట్టుకు ఇలువేంది అన్నాడు." ముని కాగితం పక్కకు జరిపాడు. "పెద్దమ్మ లేచి నిలబడింది. 'లేదనేది ఆయన. నేను గాదు' అనింది. దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. నేను పక్కనే ఉండా. అంతే, ఇంగెవరూ నోరెత్తలే. కర్మ నా చేతనే చేయించినారు. కర్మ అయ్యేదాకా దినామూ వచ్చి, నాకు ముద్ద కలిపి పెట్టి పోయింది."

అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో పటం లేదు, దీపం లేదు. ఆమె నమ్మకం ఏమిటో ఎవరూ అడగలేదు. ఆ అమ్మవారి మీద అబద్ధపు ఒట్టు వేస్తే నాకు పోయేదేమీ లేదు, నా దృష్టిలో ఆ దేవతే లేదు కనుక. ఎంత సులువుగా వేయగలిగేవాణ్ణి! నేను వీధి మలుపు దాకా నడవలేదు. ఆ అమ్మవారు ఉందని, వింటుందని, శిక్షిస్తుందని నమ్మిన మనిషి పోయి వేసింది.

మంగళవారాలు గుర్తొచ్చాయి. మంగళవారం గంగమ్మ వారం. మంచం పట్టిన ఆఖరి నెలల్లో కూడా, మంగళవారం విమల గంజి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకునేది. పథ్యం అలవాటైపోయిందిలే అని నేనే విమలకు సర్దిచెప్పాను.

ముని నాకేసి చూడకుండా కాగితం సర్దుకున్నాడు. పిల్లలు పాచికలు కదపడం మానేశారు. "చెప్పప్పా" అన్నాడు మెల్లగా. "గడి ఖాళీగా ఉండాది. ఏం రాయమంటావు?"

"మంగళవారం అన్నం తినదు అని రాయి" అన్నాను.

"ఎందుకు సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

ముని పెన్సిలు ఆగింది. వాడికి ఆ సంగతి తెలియదు. నా ముఖంలోకి చూశాడు, మెల్లగా కళ్ళు పెద్దవయ్యాయి. బల్ల మీది ఏడు గవ్వలనూ దగ్గరికి లాక్కుని రెండు చేతులతో మూసి పట్టుకున్నాడు.